ఆరోగ్య బీమా సంస్కరణలు – ముందు లెక్కలు – మన బాధ్యత

(జంగమకోటెలో జరిగిన మన సంఘ సమావేశమున చేయబడిన ఉపన్యాస పాఠము)



ఈ దినము మేము మాటలాడదలచిన విషయము మన సమావేశములకు క్రొత్తది. ప్రభుత్వము ఆరోగ్య బీమాలో ఒక మార్పు చేయదలచినప్పుడు, దానివలన ఎవరికి లాభము, ఎవరికి నష్టము, ఖజానాపై ఎంత భారము అను సంగతిని ముందుగానే లెక్కించు పద్ధతి యొకటి కలదు. దీనిని సిమ్యులేషన్ మోడల్ అందురు. మనము అనుకరణ నమూనా యని చెప్పుకొందము. ఇది పండితుల వ్యవహారము, గూళ్ళు అమ్ముకొనువారికిని డైరీకి పాలు పోయువారికిని దీనితో పని యేమి యని మీలో కొందరికి తోచవచ్చును. ఆ లెక్కలో మన యిండ్లవంటి యిండ్లు చేరినవా లేదా యనుదానిని బట్టియే రేపు మన చేతికి వచ్చు కార్డు విలువ నిర్ణయింపబడును. కాబట్టి పని మనకును కలదు.

నమూనా యనగా నేమి?

సరకు ధర పెంచదలచిన వర్తకుడు మొదట మనస్సులో ఒక లెక్క వేసికొనును. బస్తాకు ఇరువది రూపాయలు పెంచినచో ఏ గిరాకీ నిలుచును, ఏ గిరాకీ ఎదుటి అంగడికి పోవును, ఎవరు అప్పు అడుగుదురు అని ఒక్కొక్క ఖాతాదారుని తలచుకొని యోచించును. అనుకరణ నమూనా చేయు పనియు నిదియే. వర్తకుడు నూరు ఖాతాలను తలచుకొనును. కంప్యూటరు లక్షల కుటుంబములను తలచుకొనును. ప్రతి కుటుంబమునకును వయస్సు, ఆదాయము, ఉన్న రోగము, ఆసుపత్రికి గల దూరము మొదలగు గుర్తులను వ్రాసికొని, క్రొత్త నియమమును వారి ముందుంచి, ఎవరు చేరుదురు, ఎవరు మానుదురు, ఎందరు ఆసుపత్రికి పోవుదురు, బిల్లు ఎంత యగును అని వేరువేరుగా లెక్కించి, తుదకు మొత్తము కూడును. దేశమున కంతటికిని ఒక సగటు మనిషిని కల్పించుటకు మారుగా, ఇట్లు ఒక్కొక్క కుటుంబమును విడివిడిగా లెక్కలో నిలుపవలెనని 1957లో అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు గై ఆర్కట్ ప్రతిపాదించెను. అది మొదలు పన్నులకును, పింఛనులకును, ఆరోగ్య బీమాకును ఈ పద్ధతి వాడుకలోనికి వచ్చినది.

మాటవరసకు నూరిండ్ల గ్రామమును తీసికొందము. ఈ అంకెలు ఉదాహరణకై మేము కల్పించినవి. ఆ గ్రామమున ఏటేట ఎనమండుగురు ఆసుపత్రిలో చేరుదురు. ఒక్కొక్కరికి 20,000 రూపాయలు ఖర్చు. మొత్తము 1,60,000. ఇంటికి 500 రూపాయల చందా చొప్పున 50,000 వసూలగును. తక్కిన 1,10,000 ప్రభుత్వము భరించును. ఇప్పుడు ప్రభుత్వము చందాను 1,000 చేయదలచినది. లక్ష రూపాయలు వసూలగును, మన భారము 60,000కు తగ్గును అని కచేరిలో కూర్చుండి చెప్పుట సులభము.

అయితే నలువది యిండ్లవారు “మాకు రోగము లేదు గదా, వేయి రూపాయలు ఏల” యని మానుకొనిరనుకొనుడు. అప్పుడు వసూలు 60,000 మాత్రమే. మానుకొన్నవారిలో ఆరోగ్యవంతులే యెక్కువ గాన, ఎనమండుగురు రోగులలో ఏడుగురు పథకములోనే నిలుతురు. వారి ఖర్చు 1,40,000. ప్రభుత్వ భారము 80,000. ఇంటికి 1,600గా నున్న ఖర్చు 2,333 రూపాయలకు పెరుగును. మరుసటి యేట చందా మరల పెంచవలెనను మాట వచ్చును. అప్పుడు మరికొందరు వైదొలగుదురు. ఇక బయట మిగిలిన ఆ యెనిమిదవ రోగి సంగతి చూడుడు. అతడు 20,000 రూపాయలును తన చేతినుండియే ఇచ్చుకొనవలెను. ఆ యింటిలో పాడి యావు అమ్ముడుపోవును. ప్రభుత్వపు లెక్కలో 30,000 మిగిలినట్లు కనబడును. ఆవు పోయిన సంగతి ఆ పద్దులో నుండదు. దానిని గూడ లెక్కించునదియే మంచి నమూనా.

యశస్విని చెప్పిన పాఠము

పై గ్రామము కల్పితమే గాని, ఇటువంటి సంగతి మన రాష్ట్రములోనే జరిగినది. సహకార సంఘముల సభ్యులకై యశస్విని పథకము 2003 జూన్ నెలలో అమలునకు వచ్చెను. ప్రముఖ హృద్రోగ వైద్యులు డాక్టరు దేవిశెట్టిగారును, రాష్ట్ర సహకార శాఖవారును కలిసి దీనిని రూపొందించిరి. తలకు నెలకు 5 రూపాయలు, అనగా సంవత్సరమునకు 60 రూపాయలు చెల్లించినచో శస్త్రచికిత్సల ఖర్చు పథకము భరించెడిది. తొలియేట సుమారు 16 లక్షల మందియు, రెండవ యేట 20 లక్షలకు పైగాను చేరిరి. మూడవ యేట, అనగా 2005లో చందాను 120 రూపాయలకు పెంచిరి. సభ్యుల సంఖ్య సుమారు 14 లక్షల 70 వేలకు తగ్గెను.

రాయితీలను ప్రక్కనబెట్టి ఒక ముతక లెక్క వేయుదము. ఇరువది లక్షల మందికి 60 రూపాయల చొప్పున 12 కోట్లు. చందా రెట్టింపయినది గాన 24 కోట్లు రావలెనని తోచును. కాని 14 లక్షల 70 వేల మందికి 120 చొప్పున చూచినచో 17 కోట్ల 64 లక్షలు మాత్రమే యగును. తరువాతి సంవత్సరములలో సభ్యులు మరల పెరిగి 2007–08 నాటికి 23 లక్షలు దాటిరి. కాబట్టి చందా యొక్కటే సర్వమును నిర్ణయించునని చెప్పరాదు. సొసైటీ కార్యదర్శుల ప్రయత్నము, శస్త్రచికిత్స పొందివచ్చిన పొరుగువాని మాట, ఆ యేటి వాన, ఇవన్నియు పనిచేయును. అయినను చందా పెంచిన మొదటి యేట ఎందరు నిలుతురు, ఎందరు పోవుదురు అను ప్రశ్నను ముందుగా వేసికొనవలెనని యశస్విని నేర్పినది. ఆ పథకము 2018లో ఆరోగ్య కర్ణాటకలో కలిసిపోయి, 2022లో మరల ప్రారంభింపబడినది. పునఃప్రారంభమున గ్రామీణులకు నలుగురుగల కుటుంబమునకు 500 రూపాయలుగా చందా నిర్ణయించిరి. డైరీ సొసైటీలు గల మన గ్రామములకు ఇది దూరపు సంగతి కాదు.

మనుష్యుల నడత ఎట్లు తెలియును?

చందా పెరిగినచో నలువది యిండ్లు మానునో, పది మానునో నమూనాకు ఎవరు చెప్పవలెను? ఊహించి వ్రాసినచో అది లెక్క కాదు, జోస్యము. కాబట్టి పరిశీలనలు కావలెను.

అమెరికాలో రాండ్ సంస్థవారు 1974 మొదలు 1982 వరకు ఆరు ప్రాంతములలో రెండువేలకు పైగా కుటుంబములను తీసికొని, కొందరికి వైద్యము పూర్తిగా ఉచితముగాను, కొందరికి ఖర్చులో కొంత భాగము వారే భరించునట్లును చీట్లు వేసి పంచియిచ్చిరి. తమ చేతినుండి కొంత ఇచ్చుకొనవలసినవారు వైద్యమును తక్కువగా వాడిరి. ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. వారు అనవసరపు వైద్యముతోపాటు అవసరమైన వైద్యమును గూడ తగ్గించుకొనిరి. తరువాతి నమూనాలు పెక్కింటికి ఈ ప్రయోగపు అంకెలే ఆధారము.

అయితే అమెరికా కుటుంబపు నడతను తెచ్చి శిడ్లఘట్ట తాలూకా కుటుంబమునకు అంటగట్టుట సరికాదు. మన రాష్ట్రములో జరిగిన రెండు పరిశీలనలను చూడుడు.

మొదటిది వాజపేయి ఆరోగ్యశ్రీ. ఈ పథకము 2010లో ఉత్తర కర్ణాటకమున మొదలయ్యెను. పేదరికపు రేఖకు దిగువ నున్నవారందరును చందా లేకయే, పేరు నమోదు చేయించుకొనకయే ఇందులో చేరినట్లు లెక్క. గుండెజబ్బు, క్యాన్సరు వంటి పెద్ద రోగములకు పెద్ద ఆసుపత్రులలో ఉచిత చికిత్స. రోగులను కనుగొనుటకు పల్లెలలో శిబిరములు జరిపిరి. పథకము గల 300 గ్రామములను, ఎల్లకు ఆవల పథకము లేని 272 గ్రామములను పోల్చి చూచిన పరిశీలన 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. ఆ పథకము క్రిందికి వచ్చు రోగములవలన పేద కుటుంబములలో సంభవించిన మరణములు పథకము గల గ్రామములలో నూటికి 0.32, లేని గ్రామములలో నూటికి 0.90 అని తేలినది. పెద్ద ఆసుపత్రి చికిత్సకు చేతినుండి పెట్టు ఖర్చును సుమారు మూడవ వంతు తగ్గినది.

రెండవది రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన కార్డులను గూర్చినది. కలబురగి, మైసూరు ప్రాంతములలో 435 గ్రామములలో, అప్పటికి ఆ పథకమునకు అర్హత లేని సుమారు 10,900 కుటుంబములను ఎన్నుకొని, 2015లో కొందరికి కార్డు ఉచితముగాను, కొందరికి వెలకును ఇవ్వజూపిరి. ఉచితమన్నప్పుడు నూటికి 79 కుటుంబములు చేరినవి. వెల పెట్టినప్పుడును నూటికి 60 చేరినవి. చేరుట వరకు బాగున్నది. కాని అక్కరపడినప్పుడు కార్డును వాడబోయి వాడలేకపోయినవారు అనేకులు. కార్డు మరచి పోయినవారు, వాడు విధము తెలియనివారు, ఆసుపత్రిలో కార్డు చెల్లనివారు అందులో నుండిరి. మూడున్నర సంవత్సరముల తరువాత చూచినను ఆరోగ్యములో చెప్పదగిన భేదము చాల కొద్ది విషయములలోనే కనబడినది.

ఒకే రాష్ట్రము, రెండు పథకములు, రెండు ఫలితములు. రోగములు వేరు, కుటుంబముల స్థితియు వేరు గాన రెంటిని నేరుగా తూచరాదు. అయినను ఒక సంగతి స్పష్టము. చందా యెంత యనునది ఎంత ముఖ్యమో, పల్లెకు వచ్చి రోగిని వెదకినవారు ఉన్నారా, ఆసుపత్రి ద్వారమున దారి చూపువారు ఉన్నారా, కార్డు సంగతి రోగికి అర్థమగు భాషలో చెప్పబడినదా అనునవియు అంత ముఖ్యములు. ఈ ప్రశ్నలను విడిచిన నమూనా కార్డుల సంఖ్యను సరిగా చెప్పగలదు గాని, ఆ కార్డులవలన నిలిచిన ప్రాణముల సంఖ్యను చెప్పలేదు.

నమూనాను ఎంతవరకు నమ్మవలెను?

అమెరికాలో 2010లో ఒబామా ప్రభుత్వము ఆరోగ్య బీమా చట్టము తెచ్చినప్పుడు, కాంగ్రెషనల్ బడ్జెటు కార్యాలయము నమూనాలతో లెక్కించి, క్రొత్తగా ఏర్పడు బీమా అంగళ్ళలో 2016 నాటికి సుమారు 2 కోట్ల 10 లక్షల మంది చేరుదురని చెప్పెను. వాస్తవముగా చేరినది అందులో సగము పరిసరములనే. యజమానులు తమ పనివారికి ఇచ్చు బీమాను మానివేయుదురనుకొన్నంతగా మానలేదు. ఆరోగ్యవంతులైన యువకులు చేరుదురనుకొన్నంతగా చేరలేదు. నిపుణులు, కంప్యూటర్లు, ధనము అన్నియు నుండియు ఇట్లయ్యెను.

దీనివలన నమూనాలు వ్యర్థమని తలపరాదు. వ్యాపారములో అంచనా ఎన్నిసార్లు తప్పినను అంచనా లేకుండ సరకు కొనువాడు లేడు. నమూనా విలువ రెండు విధములు. ఒకటి, మూడు నాలుగు ప్రతిపాదనలను ఒకే తక్కెడలో తూచి చూపును. రెండు, మన ఊహలను కాగితముపై పెట్టించును. “నలువది యిండ్లు మానును” అని వ్రాసిన తరువాత, “ఏల నలువది? ఇరువది యేల కాదు?” అని ఎవడైనను అడుగవచ్చును. మనస్సులో దాచుకొన్న ఊహను ఎవరును ప్రశ్నింపజాలరు. అందుచేతనే, ఏ ప్రభుత్వమైనను ఇట్టి లెక్క చూపి సంస్కరణ చేయునప్పుడు ఆ లెక్కలోని ఊహలను గూడ ప్రజలకు తెలుపవలెనని కోరుట మన హక్కు.

మన సీమ ఆ లెక్కలో ఉన్నదా?

ఇప్పుడు మన సంగతికి వత్తము. 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశమున గ్రామీణులలో నూటికి 86 మందికి ఏ విధమైన ఆరోగ్య బీమా రక్షణయు లేకుండెను. ప్రసవములు గాక, గ్రామీణుడు ఒకసారి ఆసుపత్రిలో చేరినచో ప్రభుత్వ ఆసుపత్రిలో సగటున 4,290 రూపాయలు, ప్రైవేటు ఆసుపత్రిలో 27,347 రూపాయలు ఖర్చయినట్లు ఆ సర్వే తెల్పినది. 2018 సెప్టెంబరులో ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన ప్రారంభమయ్యెను; కర్ణాటకమున అది ఆరోగ్య కర్ణాటకతో కలిసి నడచినది. పేద కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు రక్షణ. రేఖకు ఎగువ నున్నవారికి 2018 నియమము ప్రకారము ప్యాకేజీ ధరలో నూటికి 30 వంతులు మాత్రమే, అదియు లక్షన్నర వరకు. ఆ రేఖకు ఒక్క అడుగు ఎగువ నున్న చిన్న అంగడివాడు, నాలుగు ఆవులు గల రైతు, రీలింగు పనివాడు మనలో ఎందరో కలరు. సగటు లెక్కలో వారు సుఖవంతులు. ఇంటింటి లెక్కలో ఒక్క శస్త్రచికిత్స దూరమున రేఖకు దిగువ నున్నవారు.

మన సీమకు మరి రెండు విశేషములు కలవు. మొదటిది ఎల్ల. బాగేపల్లివారికి బెంగళూరుకంటె హిందూపురము చేరువ. చింతామణివారికి మదనపల్లెతో సంబంధ బాంధవ్యములు మెండు. పుట్టపర్తిలో 1991 నుండి ఉచిత చికిత్స చేయు పెద్ద ఆసుపత్రి కలదు. 2007 ఏప్రిల్ 1న నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రాజీవ్ ఆరోగ్యశ్రీని మహబూబ్‌నగర్, శ్రీకాకుళము జిల్లాలతోపాటు నాడు మన పొరుగుననుండిన అనంతపురము జిల్లాలోనే మొదట ప్రారంభించినది. ఎల్లకు ఆవల నున్న వియ్యంకునికి కార్డు. ఈవల నున్న మనకు అప్పుడు లేకుండెను. కర్ణాటకపు ఆరోగ్యశ్రీ దక్షిణ జిల్లాలకు తరువాతనే వచ్చెను. జన ఆరోగ్య యోజనలో అర్హులు రాష్ట్రము దాటియు చికిత్స పొందు ఏర్పాటు కలదు. ఆ సంగతి మనవారిలో ఎందరికి తెలియును? రాష్ట్రపు ఎల్లయొద్ద ఆగిపోవు నమూనా మన కుటుంబముల నడతను చూడలేదు.

రెండవది భాష. మన యింట తెలుగు, బడిలోను కచేరిలోను కన్నడము. పిల్లలు కన్నడము చక్కగా చదువుచున్నారు. అది రాష్ట్రభాష, చదువవలసినదే. కాని ఆసుపత్రిలో చేరువారు పిల్లలకంటె వృద్ధులే యెక్కువ. అవ్వలలో అనేకులు తెలుగు మాటలాడుదురు గాని ఏ లిపియు చదువరు. వారికి కరపత్రమువలన ప్రయోజనము లేదు. ఆశా కార్యకర్త తెలుగున చెప్పు నాలుగు మాటలే ప్రయోజనము. కలబురగి, మైసూరులలో కార్డు చేతనుండియు వాడలేకపోయిన కుటుంబములవలె మన యిండ్లును కాగలవు. ఏ నమూనాలోనైనను ఆదాయము, వయస్సు, దూరము అను గడులతోపాటు ఇంటి భాష అను గడియు నుండవలెనని మనము అడుగవలెను. మన ఫిర్యాదులను, విన్నపములను రాష్ట్రములో వాడుకలో నున్న ఏ భాషలోనైనను సమర్పించుకొను హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము ప్రతి వ్యక్తికిని ఇచ్చినది. అల్పసంఖ్యాక భాషలవారికై ప్రత్యేకాధికారిని నియమించు 350–బి అధికరణము 1956లో చేర్చబడినది. ఈ హక్కులు పాఠశాలలకే పరిమితములు కావు.

మనము చేయవలసినది

మేము సంఘము ముందు నాలుగు ప్రతిపాదనలు ఉంచుచున్నాము.

మొదటిది: ప్రతి కుటుంబమును ఒక వైద్యపు చిట్టా పెట్టవలెను. తేది, రోగము, ఆసుపత్రి, మందులు, బస్సు చార్జీ, పోగొట్టుకొన్న కూలి, చేసిన అప్పు వ్రాసికొనవలెను. ఆసుపత్రి బిల్లు ప్రభుత్వమునకు తెలియవచ్చును. బస్సు చార్జీయు, కూలియు, వడ్డీయు మనము చెప్పనిదే ఎవరికిని తెలియదు. సంవత్సరాంతమున పేర్లు లేకుండ ఆ మొత్తములను సంఘము కూర్చి జిల్లా అధికారులకు కన్నడమునను తెలుగునను సమర్పించును.

రెండవది: సర్వేవారు ఇంటికి వచ్చినప్పుడు సత్యము చెప్పవలెను. ఆదాయము చెప్పినచో రేషన్ కార్డు పోవునను భయము మనలో కలదు. 2008 గణాంక సేకరణ చట్టము ప్రకారము అట్లు సేకరించిన వివరములను గణాంకములకు తప్ప వేరొక పనికి వాడరాదు. ఆదాయమును తక్కువ చెప్పి, ఖర్చును దాచి, రోగమును సిగ్గుపడి చెప్పక పంపివేసినచో, మన పేర తయారగు కల్పిత కుటుంబము మనవలె నుండదు. దానికి తగిన పథకమే మనకు వచ్చును.

మూడవది: సొసైటీ సభ్యులైన కుటుంబములు యశస్విని విషయమును విడివిడిగా గాక కూడి నిర్ణయించుకొనవలెను. “మాకు రోగము లేదు” అను నలువది యిండ్లు వైదొలగినచో మిగిలిన అరువది యిండ్లపై భారము పడునని ఇంతకు ముందే చూచితిమి. ఆ రెండు గుంపులు వేరువేరు మనుష్యులు కారు. ఈ యేటి ఆరోగ్యవంతుడు మూడేండ్లకు ఆ గుంపులోనికి పోవును. చందా కట్టినచో, కార్డు వాడు విధమును గూడ నేర్చుకొనవలెను.

నాల్గవది: మన యువకులలో ఇంజనీరింగు, గణాంకశాస్త్రము చదివినవారు కలరు. బెంగళూరులో పెద్ద కంపెనీలకు లెక్కలు వేయుచున్నారు. మన హోబళికి నూరు కుటుంబముల చిన్న నమూనాను చేసి చూపుట వారికి అసాధ్యము కాదు. మేము పైన చెప్పిన నూరిండ్ల లెక్కకు కాగితమును కలమును చాలినవి. నిజమైన అంకెలు చేతికి వచ్చినచో, చందా ఎంత యుండవలెనో, శిబిరములు ఏ ఊళ్ళలో జరుగవలెనో మనమే అధికారులకు సూచింపగలము.

అయ్యలారా, అమ్మలారా! రాజధానిలో ఎక్కడనో ఒక గదిలో కంప్యూటరుపై మన పేరు లేని మన కుటుంబము ఒకటి ఉండును. దానికి ఒక వయస్సు, ఒక ఆదాయము, ఒక దూరము ఇచ్చియుందురు. దానికి జ్వరము వచ్చును, ఆసుపత్రికి పోవును, చందా కట్టును లేక మానును. ఆ కుటుంబము ఎట్లు నడచునని లెక్క తేలునో అట్లు చట్టము తయారగును. దానికి సరియైన ఆకారము నిచ్చు వివరములు మన చేతిలో, మన చిట్టాలో నున్నవి. రాబోవు సమావేశమునకు ప్రతి సభ్యుడును గడచిన సంవత్సరపు వైద్యపు ఖర్చును ఒక కాగితముపై వ్రాసి తేవలెనని ప్రార్థించుచున్నాము.